తిన్నింటి వాసాలు

మన తెలుగులో ఒక తిట్టు వుంది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు" అంటారు. అన్నం పెట్టిన ఇంట్లో వెల్లకిలా పడుకుని, పైకప్పుకేసి చూస్తూ, ఈ ఇంటికి ఎసరు ఎలా పెడదామా అని ఆలోచించే కృతఘ్నుడన్నమాట. చిన్నప్పుడు తెనాలిలో మా నాయనమ్మ నోట ఈ మాట చాలాసార్లు విన్నాను. కాని వాసాలు నిజంగా లెక్కపెట్టే మనిషిని మాత్రం 1974లో, పెళ్ళయి కుప్పం కాపురానికి వచ్చాకే చూశాను. ఆ మనిషి ఎవరో కాదు, సాక్షాత్తూ మా అత్తగారు!

అది జ్యేష్ఠమాసం. ఆవిడ వీధితిన్నె మీద నిలబడి, ఎడమ చేత్తో వక్కాకు పెట్టె పట్టుకుని, కుడిచెయ్యి చాచి ఒక్కొక్క వాసం కొసనీ తడుముతూ, పెదవులు కదుపుతూ ఈ చివరినుంచి ఆ చివరికి నడిచారు. నేను గడపలో నిలబడి వింతగా చూస్తున్నాను.

"ముప్ఫై నాలుగు" అన్నారు ఆఖర్న, తిన్నె దిగుతూ.

"ఏమిటత్తయ్యా, ముప్ఫై నాలుగు?"

"వాసాలమ్మా. అన్నీ ఉండాయి."

నాకు నవ్వాగలేదు. "వాసాలు ఎక్కడికి పోతాయండీ?" అన్నాను.

ఆవిడ నాకేసి జాలిగా చూశారు. "పోయేవి చెప్పి పోతాయా?" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ మాటకు అర్థం తెలియడానికి నాకు పదిహేడేళ్ళు పట్టింది. దాని ఖరీదు కూడా తక్కువేమీ కాదు. ఆ సంగతే చెబుదామని కూర్చున్నాను. కాని దానికి ముందు చూరు పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పుకోవాలి. నగలకీ చీరలకీ చరిత్ర వున్నప్పుడు, ఇంటిని నెత్తిన గొడుగులా కాసే చూరుకు మాత్రం వుండదూ?

* * *

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. సముద్రమట్టానికి రెండువేల అడుగుల పైన వుంటుంది. ఒకవైపు నాలుగడుగులు వేస్తే తమిళం, మరోవైపు వేస్తే కన్నడం. కూరగాయల గంపల దగ్గర మూడు భాషలూ ఒకే వాక్యంలో ఇమిడిపోతాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడే పెట్టారంటే పెట్టరూ మరి! ఆ పండితుల దాకా పోకుండానే మా అత్తగారు నాకు ఒక భాషాశాస్త్ర పాఠం చెప్పారు. మనం చూరు అంటామా, కన్నడం వాళ్ళు సూరు అంటారు. వాళ్ళ దగ్గర ఆ మాట పెరిగి పెద్దదై మొత్తం ఇంటికప్పుకే పేరయింది. తలకో సూరు వుంటే చాలు అంటారట, మనం తలదాచుకునే చోటు అన్నట్టు. ఇక చూరు కింది వసారాను మా ఇంట్లో తాళ్వారం అంటారు. అది తమిళంతో పంచుకున్న మాట. తెనాలి పిల్లనైన నాకు మొదట్లో ఈ మాటలు అలవాటు కాక, "వసారా" అన్నప్పుడల్లా మా మరుదులు నవ్వేవారు.

చూరు అంటే గోడ దాటి బయటికి వచ్చిన కప్పు అంచు. మట్టిగోడల రోజుల్లో అది లేకపోతే ఇల్లే లేదు. గోడ మీద వాన నేరుగా పడితే నాలుగు వానాకాలాల్లో కరిగి కూర్చుంటుంది. అంచేత కప్పును ముందుకు సాగదీసి, నీళ్ళు గోడకు దూరంగా పడేలా చేశారు. అది వానకే కాదు, ఎండకూ గొడుగే. పైగా అదొక అలమర కూడా. కొడవలి చూరులో, వేపపుల్ల చూరులో, తాళంచెవి చూరులో, మొగుడికి తెలియకుండా దాచుకున్న అర్ధరూపాయి కూడా చూరులోనే! ఎవరైనా పాతబడిన పద్ధతులు వదలకపోతే ఇంకా ఆ చూరే పట్టుకు వేళ్ళాడుతున్నారంటాం. వేళ్ళాడే వాళ్ళని తిడతాం గాని, ఆ చూరు బరువు మోయగలిగే స్థితిలో వుందా లేదా అని మాత్రం ఎవరూ అడగరు.

మన శిల్పులు కూడా చూరును మరిచిపోలేదు సుమండీ. ఎప్పుడైనా లేపాక్షి వీరభద్రస్వామి గుడికి వెళ్ళినప్పుడు నంది దగ్గరా, వేలాడే స్తంభం దగ్గరా ఫొటోలు తీయించుకున్నాక, ఒక్కసారి తలెత్తి మండపం అంచు చూడండి. ముందుకు వంగి, కిందికి ఒదిగిన రాతి అంచు కనిపిస్తుంది. దాన్ని శిల్పశాస్త్రంలో కపోతం అంటారు. అది రాతిలో చెక్కిన చూరే. రాయికి చూరు ఎందుకు, అది నానుతుందా, చీకుతుందా? కాని రాతిగుళ్ళకు ముందు మనవాళ్ళు కట్టినవి కర్ర గుళ్ళు, గడ్డి కప్పులు. చేతులు రాతికి మారినా, కళ్ళు పాత ఇంటిని మరచిపోలేదు. విజయనగర రాజుల కాలపు మండపాల్లో కొన్నిచోట్ల ఆ రాతి చూరు అడుగున వాసాల లాంటి గీతలు కూడా చెక్కి వుంటాయి. అంటే రాజుల శిల్పులు కూడా వాసాలు లెక్కపెట్టినవాళ్ళేనన్నమాట!

* * *

మా కుప్పం ప్రాంతంలో పేదల ఇళ్ళకు బోదగడ్డి కప్పు వుండేది. కాస్త వున్నవాళ్ళకు చేత్తో చేసిన నాటు పెంకులు. ఇంకా వున్నవాళ్ళకు మిద్దె. రాయికి కొదవలేని చోటు కాబట్టి రాతిబండలు పరిచిన మిద్దెలూ వున్నాయి. మిద్దె సంగతి అలా వుంచండి. గడ్డికప్పులో ఒక తమాషా వుంది. గడ్డి రెండు మూడేళ్ళకు కుళ్ళిపోతుంది. కాబట్టి రెండు మూడేళ్ళకోసారి విప్పి కొత్తది వెయ్యాల్సిందే. విప్పినప్పుడల్లా కింది వాసాలు బయటపడతాయి. చీకిపోయినది కనిపిస్తే తీసి పారేసి, అడవినుంచి మరో గుంజ తెచ్చి పెట్టేవారు. అంటే ఆ కప్పు బలహీనతే దానికి కాపలా.

ఆ తర్వాత రైలు వచ్చింది. జోలార్‌పేట నుంచి బెంగుళూరుకు పట్టాలు వేసి 1864లో బండ్లు నడిపారు. ఆ దారిలోదే మా కుప్పం స్టేషను. సరిగ్గా ఆ మరుసటి సంవత్సరం, 1865లో, మంగుళూరులో బాసెల్ మిషన్ వారు పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఒకదానిలో ఒకటి గాడి పడి కూర్చునే ఈ పెంకు నమూనా మనది కాదు. ఫ్రాన్సులోని ఆల్సేస్ ప్రాంతంలో జిలార్డోనీ అనే అన్నదమ్ములు 1841లో దానికి పేటెంటు తీసుకున్నారు. ప్లెబ్స్ట్ అనే జర్మన్ మిషనరీ మంగుళూరు నదీతీరపు బంకమట్టి చూసి, ఇది దానికి బాగా పనికొస్తుందని కనిపెట్టాడు. 1868లో ఆల్బుకర్క్ అనే మనదేశపు వ్యాపారి కూడా సొంతంగా ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ తర్వాత నేత్రావతి ఒడ్డంతా పొగగొట్టాలే. మొదట్లో ఈ పెంకులు పడవలెక్కి రేవుల వెంట తిరిగాయి. 1907లో మంగుళూరుకు రైలు వచ్చాక లోతట్టు ఊళ్ళకు కూడా దారి పడింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు, 1911లో, మా మామగారి తండ్రి ఈ ఇంటి తాళ్వారానికి నాటు పెంకులు తీయించి మంగుళూరు పెంకులు వేయించారట. ఇప్పటికీ ఒక పెంకు తీసి వెనక్కి తిప్పితే, దాని వీపు మీద మంగుళూరు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చు వుంటుంది.

చూడటానికి ఎంత ముద్దుగా వుంటుందో ఆ ఎర్రపెంకు! కోతులు తొక్కకపోతే యాభై ఏళ్ళయినా చెక్కుచెదరదు. కాని చిక్కంతా అక్కడే వచ్చింది. పెంకు వందేళ్ళది, దాని కింద కర్ర మాత్రం పాతదే. గడ్డి రోజుల్లో మూడేళ్ళకోసారి కప్పు విప్పి చూసుకునేవాళ్ళం, పెంకు వచ్చాక చూడటం మానేశాం. ఒక్కో పెంకు రెండు మూడు కిలోల బరువు. ఆ బరువంతా మోసే వాసం కొస లోపల్లోపల ఏమైపోతోందో కిందనున్న మనకు తెలియదు. పెంకు మాత్రం నవ్వుతూనే వుంటుంది.

* * *

ఇంతకీ కర్ర ఎందుకు చీకుతుంది? చాలామంది వాన తగిలితే కర్ర కుళ్ళుతుందనుకుంటారు. వట్టి నీళ్ళు కుళ్ళబెట్టవు. కుళ్ళబెట్టేది బూజు జాతి. వానలకు పెరట్లో లేచే పుట్టగొడుగులకు చుట్టం. దాని విత్తనాలు, అంటే ధూళికన్నా సన్నని రేణువులు, గాలిలో ఎప్పుడూ వుంటాయి. ఎండుకర్ర మీద పడితే అవి ఏమీ చెయ్యలేవు. కర్రలో తడి, దాని ఎండు బరువులో అయిదోవంతు దాటి, అలాగే వారాల తరబడి నిలిచిందా, ఇక మొలకెత్తి కర్రను తినడం మొదలుపెడతాయి. అందులో ఒక రకం కర్రను గోధుమరంగుకు తిప్పి, ఎండిన చెరువు అడుగులా అడ్డంగా నిలువుగా నెర్రెలు విచ్చేలా చేస్తుంది. ఇంకో రకం తెల్లబరిచి, చెరకు పిప్పిలా పీచుపీచు చేస్తుంది. చెదలైతే మట్టిగూళ్ళు కట్టి దండోరా వేసుకుంటూ వస్తాయి. ఈ బూజుకు ఆ మర్యాద కూడా లేదు.

మరి చూరు కొసకే ఈ జబ్బు ఎందుకు ఎక్కువ? చెట్టు నీళ్ళు తాగేది నిలువునా వుండే సన్నటి గొట్టాలతో. చెట్టును నరికి వాసం చేశాక కూడా ఆ గొట్టాలు అలాగే వుంటాయి. వాసం పక్కభాగం నీటిని అంతగా పీల్చదు. కోసిన కొస మాత్రం దూదిలా పీలుస్తుంది. ఆ కొసలన్నీ వరసగా నిలబడే చోటు చూరే! పైగా కింది వరస పెంకు కర్రను దాటి రెండు మూడంగుళాలు ముందుకు రాకపోతే, నీటిబొట్టు కింద పడకుండా పెంకు అడుగునే పట్టుకుని వెనక్కి పాకి, వాసాన్ని తడుపుతుంది. కాఫీగిన్నె వంచినప్పుడు కాఫీ లోటాలో పడకుండా గిన్నె మూతి వెంట వెనక్కి జారడం మనకి రోజూ తెలిసిన బాధేగా, అదే ఇక్కడా జరిగేది.

కర్రలో చేవ, తెల్లచెక్క అని రెండు భాగాలుంటాయి. చెట్టు నడిమి భాగం చేవ. రంగుగా, గట్టిగా వుంటుంది. టేకు చేవలో బూజుకు గిట్టని నూనెలుంటాయి. చుట్టూ వుండే తెల్లచెక్కకు ఆ రక్షణ లేదు. మామిడి కర్రకైతే అసలే లేదు. మనిషికి చేవ చచ్చిందంటామే, ఆ మాట వడ్రంగి శాల నుంచి వచ్చిందేనని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

మా అత్తగారికి ఈ శాస్త్రం తెలియదు. ఆవిడ చదివింది మూడో క్లాసు. కాని ఆవిడకు మూడు పరీక్షలు తెలుసు. మొదటి పరీక్షకు తల పైకెత్తక్కర్లేదు. వాన వెలిశాక నేల చూడాలి. చూరునీళ్ళు పడ్డచోట మట్టిలో చిన్న చిన్న గుంటలు వరసగా పడతాయి. ఆ వరస తిన్నగా వుంటే చూరు తిన్నగా వున్నట్టు. ఎక్కడైనా గుంట గోడవైపు జరిగిందంటే ఆ పైన పెంకు జారిందనో, వాసం వంగిందనో గుర్తు. రెండోది చెవి పరీక్ష. కొడవలి పిడితో వాసం కొసమీద కొట్టాలి. మంచి కర్ర ఖంగుమంటుంది, చీకినది బొద్దుమంటుంది. మూడోది దబ్బనం. బస్తాలు కుట్టే దబ్బనం తీసుకుని కొసలో గుచ్చాలి. గట్టిగా ఎదురు తిరిగితే సరే. అరటిబోదెలో దిగినట్టు దిగిందా, ఆచారికి కబురు వెళ్ళాల్సిందే.

అనుమానం వచ్చిన వాసానికి ఆవిడ వక్కాకు పెట్టెలోంచి వేలితో సున్నం తీసి, అడుగున ఒక బొట్టు పెట్టేవారు. మరుసటేడు ఇంకా మెత్తబడితే రెండో బొట్టు. మూడు బొట్లు పడితే మార్చాల్సిందే. చూరు కింద పిచ్చుక గూడు వుంటే, గడ్డి తడి పట్టుకుని కర్రను నానబెడుతుందని తెలిసి కూడా, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగేవారు. ఎగిరిపోయిన మర్నాడు మాత్రం గూడు తీసి శుభ్రం చేసేవారు.

* * *

1988లో మా చిన్న మరిది పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురు వాళ్ళు మదనపల్లె వాళ్ళు. చదువుకున్న కుటుంబం. ఇల్లు చూడటానికి వస్తారని నాకు హడావుడి. అప్పటికి ఇంటి పెత్తనం దాదాపు నా చేతికి వచ్చేసింది. వీధిచూరుకు ఆకుపచ్చ ఎనామిల్ రంగు వేయిద్దామన్నాను. పెంకుల అంచు కింద సందుల్లోంచి ఉడతలు దూరుతున్నాయని, ఆ సందులు సిమెంటుతో పూడ్పించేద్దామనీ అన్నాను.

"ఊపిరాడద్దా దానికి?" అన్నారు అత్తగారు.

"కర్రకు ఊపిరేమిటత్తయ్యా!" అన్నాను. మావారు కూడా నవ్వారు. ఆవిడ మరి మాట్లాడలేదు.

రంగులు వేసే కుర్రాడు నిచ్చెన మీంచి అడిగాడు. "అమ్మా, ఈడ సున్నం మరకలు ఉండాయి, ఏం చేసేది?"

"గీకేసి రంగు వేసెయ్యి నాయనా, పెళ్ళివారొస్తారు" అన్నాను.

ఇల్లు పెళ్ళికూతురిలాగే తయారయింది. వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నేను మురిసిపోయాను. మరుసటేడు జ్యేష్ఠంలో అత్తగారు తిన్నె ఎక్కి చూరు తడిమారు. నున్నటి రంగుమీద వేళ్ళు జారాయి. దబ్బనం గుచ్చబోతే, "రంగు పోతుందత్తయ్యా" అన్నాను. ఆవిడ దిగిపోయారు. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశారు.

మాకు తిరుగు వానలు కూడా జోరుగానే పడతాయి. 1991 కార్తీకమాసంలో మూడురోజులు ఎడతెగని ముసురు. మూడోనాటి సాయంత్రం కాస్త తెరిపి ఇస్తే అత్తగారు తిన్నె మీద కూర్చుని వక్క కత్తిరించుకుంటున్నారు. నేను వంటింట్లో వున్నాను. కర్ర విరిగిన చప్పుడు కూడా రాలేదు. పెంకులు పడ్డ చప్పుడే వినిపించింది. పరుగెత్తి వచ్చేసరికి తిన్నెంతా ఎర్రటి పెంకుముక్కలు, వాటిమధ్య ఆవిడ కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని కూర్చుని వున్నారు. తలకు తగలలేదు, అంతవరకు ఆ దేవుడి దయ. ముంజేతి ఎముక విరిగింది. పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించాం.

తిరిగి వచ్చాక మంచం మీద పడుకుని ఆవిడ అడిగిన మొదటి మాట ఇది. "ఏడో వాసమేనా?"

నేను వెళ్ళి లెక్కపెట్టాను. వీధి మూల నుంచి సరిగ్గా ఏడోది.

"దానికి మూడు బొట్లు పెట్టి ఉండాను. పెళ్ళి అయినాక మార్చుకుందామనుకున్నా" అన్నారు. అంతే. ఒక్క నిష్ఠూరం లేదు. తిట్టినా నాకు అంత బాధ అనిపించేది కాదేమో. ఆ కుడిచెయ్యి ఆ తర్వాత పూర్తిగా చాచడానికి రాలేదు.

* * *

మర్నాడు ఆచారి వచ్చి విరిగిన ముక్క నా చేతిలో పెట్టాడు. పైన ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతోంది. లోపల కర్ర లేదు, నశ్యంలాంటి పొడి! "చూడు తల్లీ, రంగొకటే వాసమై నిలబడి ఉండాది" అన్నాడు.

తప్పు రంగుది కాదు. ఎండిన మంచి కర్రకు రంగు వేస్తే మేలే. నేను వేయించింది అప్పటికే తడి పట్టి, చీకు మొదలైన కర్రకు. పైన ఎక్కడో పగిలిన పెంకులోంచి నీళ్ళు దిగుతూనే వున్నాయి. బయటికి ఆరిపోయే దారిని మాత్రం రంగు మూసేసింది. గాలి ఆడే సందుల్ని సిమెంటు మూసేసింది. లోపల చెమ్మ, చీకటి, వెచ్చదనం. బూజుకు ఇంతకంటే అత్తవారిల్లు ఏం కావాలి!

మా కొత్త తోడికోడలు మదనపల్లె పిల్ల అని చెప్పానుగా. వాళ్ళ ఊరి పక్కనే ఆరోగ్యవరం. 1912లో మొదలైన క్షయ శానిటోరియం పేరుతో దేశమంతా తెలిసిన చోటు. క్షయకు పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ను కనిపెట్టింది 1943లో. దానికి ముందు ప్రపంచమంతటా క్షయకు చికిత్స అంటే గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి తిండి. రోగులను తాళ్వారాల్లో పడుకోబెట్టేవారు. వాన పడకూడదు, గాలి మాత్రం ఆడాలి. అదే కదా చూరు చేసే పని! మనిషి ఊపిరితిత్తులకు చెప్పిన ఆ వైద్యమే వాసానికీ వర్తిస్తుందని, "ఊపిరాడద్దా దానికి?" అని మూడో క్లాసు అత్తగారు అడిగితే, బి.ఏ. చదివిన నేను నవ్వాను.

ఆచారి ఆ సంవత్సరం అయిదు వాసాలు బాగుచేశాడు. మొత్తం వాసం తీయలేదు. దబ్బనంతో గుచ్చుకుంటూ పోయి, గట్టి కర్ర తగిలాక ఇంకో జానెడు దాటి కోశాడు. కొత్త చేవకర్రను ఏటవాలు అతుకుతో కలిపి, పక్కన ఇంకో ముక్కను జోడించి బోల్టులు బిగించాడు. బయటికి వచ్చే కొసను నిటారుగా కాక, నీళ్ళు కింది మొనకు జారి రాలిపోయేలా వాలుగా కోశాడు. ఆ కొసకు జీడి పెంకుల నూనె పట్టించాడు. ఆ నూనె తగిలితే చర్మం పొక్కుతుంది, పిల్లల్ని దూరంగా వుంచమన్నాడు. సిమెంటు మొత్తం రాలగొట్టి, ఉడతలు దూరకుండా సందులకు సన్నటి ఇనుపజాలీ కొట్టాడు. కింది వరస పెంకులు మూడంగుళాలు ముందుకు జరిపాడు.

కర్రకు మందు పట్టించడం అనేది పాత కళే. 1838లో ఇంగ్లండులో బెథెల్ అనే ఆయన తారునుంచి తీసిన క్రియోసోట్ నూనెను ఒత్తిడితో కర్రలోకి ఎక్కించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. రైలు పట్టాల కింది స్లీపర్లు అంతకాలం మన్నింది ఆ నూనె వల్లే. కాని ఆ నూనె నలుపు, కంపు. ఇంట్లో భరించలేం. 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో ఒక ఇంజనీరు రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు కలిపి ఒక మందు తయారు చేశాడు. రాగి బూజును చంపుతుంది, ఆర్సెనిక్ చెదలను చంపుతుంది, క్రోమియం ఆ రెండింటినీ వానకు కొట్టుకుపోకుండా కర్రకు అంటిపెడుతుంది. దానికి ఆస్కూ అని పేరు పెట్టారు. కరెంటు స్తంభాల దగ్గర్నుంచి పెరటి కంచెల దాకా ప్రపంచంలో ఎన్నో దేశాల్లో ఆ మందే వాడారు. ఆ ఇంజనీరు పేరు సొంఠి కామేశం. ఇంటిపేరు చూస్తేనే మనవాడని తెలియడం లేదూ? ఇంత పని చేసిన మనిషి పేరు మన పిల్లల పుస్తకాల్లో నాకెక్కడా కనిపించలేదు. అయితే ఒక్క జాగ్రత్త. ఆర్సెనిక్ విషం కాబట్టి 2003 చివర్లో అమెరికాలో ఇళ్ళ వాడకానికి ఆ మందు పట్టించిన కర్ర తయారీ ఆపేశారు. పాత స్తంభాల ముక్కలూ, మందు పట్టించిన కర్రలూ ఎక్కడైనా దొరికితే పొయ్యిలో మాత్రం పెట్టకండి. పొగా బూడిదా రెండూ ప్రమాదమే.

ఎంత మందు వేసినా, చూసేవాళ్ళు లేకపోతే నిలవదు. జపాన్‌లో నారా దగ్గర హోర్యూజీ అనే బౌద్ధాలయం వుంది. ప్రపంచంలో ఈనాటికీ నిలిచివున్న కర్ర కట్టడాల్లో అన్నిటికంటే పాతది అదేనంటారు. పదమూడు వందల ఏళ్ళ పైమాట. అంత వానల దేశంలో అది ఎలా నిలిచింది? రెక్కలు చాచిన గద్దలా వుండే పెద్ద చూరులు ఒక కారణం. రెండో కారణం, తరతరాలుగా వడ్రంగులు దాన్ని విప్పి, చీకిన మేర తీసి, కొత్త కర్ర అతికి, మళ్ళీ బిగిస్తూ వచ్చారు. 1934లో మొదలైన మరమ్మతు దశాబ్దాలు సాగింది. ఆ పెద్ద గుడికైనా, మా వీధి తిన్నెకైనా సూత్రం ఒకటే.

* * *

"మాది కాంక్రీటు ఇల్లమ్మా, మాకు వాసాలూ లేవు, చూరూ లేదు" అని మీలో చాలామంది అనుకుంటూ వుంటారు. సజ్జా వుందా లేదా? చూరుకు చెల్లెలే సజ్జా. దాని అడుగున అంచుకు కాస్త ఇవతల ఒక సన్నటి గాడి వుండాలి. నీటిబొట్టు వెనక్కి పాకి వచ్చి, ఆ గాడి దాటలేక కింద పడిపోతుంది. ఆ గాడి లేకపోయినా, సున్నాలూ రంగులూ వేసి పూడ్చేసినా, చెమ్మ సజ్జా లోపలికి దిగుతుంది. లోపల ఇనపకడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును చీల్చి పెచ్చులుగా రాల్చేస్తుంది. అక్కడ బూజు చేసిన పని ఇక్కడ తుప్పు చేస్తుంది. సజ్జా అడుగున గోధుమరంగు గీతలు కనిపిస్తే అవి మరకలని రంగు వేయించకండి. అవి సజ్జా పెట్టిన బొట్లు.

అత్తగారు 2003లో పోయారు. ఈమధ్య మా అబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చినప్పుడు, "ఎందుకమ్మా ఈ కష్టం, పడగొట్టి పైన రెండంతస్తులు వేద్దాం" అన్నాడు. వాడి మాటలోనూ న్యాయం వుంది. ఆచారి చెయ్యి దొరకడం కష్టంగా వుంది. చేవకర్ర ధర మండిపోతోంది. నాకూ తిన్నె ఎక్కితే మోకాళ్ళు నొప్పి. ఆలోచిద్దాంలే అన్నాను.

ఈ జ్యేష్ఠంలో మా మనవరాలు వచ్చింది. నేను తిన్నె మీద నిలబడి దబ్బనంతో గుచ్చుతుంటే, అది సెల్‌ఫోన్ లైటు పట్టుకుని పైకి చూస్తోంది.

"ఎన్నున్నాయి నానమ్మా?"

"నువ్వే లెక్కపెట్టు."

వేలు చూపిస్తూ, పైకి లెక్కపెడుతూ ఆ చివరిదాకా నడిచింది. "ముప్ఫై నాలుగు!" అంది. పదమూడు కొత్తవి, ఇరవై ఒకటి 1911 నాటివి.

ఇరవై రెండో వాసం దగ్గర దబ్బనం కొంచెం మెత్తగా దిగింది. దానికి పోయినేడు పెట్టిన బొట్టు ఒకటి వుంది. అత్తగారి వక్కాకు పెట్టెలోంచి సున్నం తీసి, దాని వేలికి అద్ది, దానిచేతే రెండో బొట్టు పెట్టించాను. ఇంకో ఏడాది చూస్తాను. ఆచారి కొడుకు ఇప్పుడు పలమనేరులో వుంటున్నాడట, ఆ అడ్రసు మాత్రం కనుక్కోవాలి.